చేతుల్లో పనుండి చెవులు ఖాళీగా ఉన్నవాళ్ళకి ఏం వినమని చెప్పాలి

మలికిపురంలో మా ఇంటి వీధి గదిలో నా కుట్టు మిషను ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడుతున్నాను, చీరలకి ఫాల్స్ వేస్తున్నాను. పెళ్ళిళ్ళ సీజన్లో పొద్దున్న కూర్చుంటే రాత్రి అన్నాల వేళకే లేవడం. మొదట్లో పక్కన రేడియో మోగేది. తర్వాత టీవీ సీరియళ్ళు వచ్చాయి. వాటిని నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ఆరేడేళ్ళ నుంచి, ఫోన్‌లో మనకి వీలైనప్పుడు పెట్టుకుని వినే మాటల కార్యక్రమాలు, అవే పాడ్‌కాస్టులు వింటున్నాను, రోజుకి నాలుగైదు గంటలకి తక్కువ కాకుండా.

కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు "ఏంటండీ వింటున్నారు?" అనడం, నేను ఉత్సాహంగా నాలుగు పేర్లు చెప్పడం, వాళ్ళు "ఆయ్, తప్పకుండా వింటామండి" అని వెళ్ళిపోవడం మామూలే. తీరా బ్లౌజు పట్టుకెళ్ళడానికి వచ్చినప్పుడు అడిగితే ఒక్కరూ విని ఉండేవారు కాదు. మనసు చివుక్కుమనేది. ఇప్పుడు చెప్పినవాళ్ళలో సగం మంది పైనే వింటున్నారు. కొంతమంది "తర్వాతది ఏదండీ?" అని ఫోన్ కూడా చేస్తున్నారు. ఈ మధ్యకాలంలో నేను ఏం మార్చుకున్నానో రాస్తున్నాను. మీరూ ఎవరికైనా ఏదైనా వినమని చెప్పాలనుకుంటే పనికొస్తుంది.

ముందు పని సంగతి కనుక్కోండి

మనకి నచ్చింది చెప్పేయడం అందరం చేసే పనే. అవతలివాళ్ళు దాన్ని ఎప్పుడు వింటారు, ఏ పని చేస్తూ వింటారు అని మాత్రం ఆలోచించం.

నా పనిలోనే వింటూ చేసేవి, వినకుండా చేయాల్సినవి అని రెండు రకాలున్నాయి. హుక్కులు కుట్టడం, కాజాలు తీయడం, ఫాల్ వేయడం, అంచులు మడిచి కుట్టడం, వీటికి చేతులు చాలు. కటింగ్‌కి తల కూడా కావాలి. మూడేళ్ళ కిందట మాఘమాసంలో ఒక కథ వింటూ పట్టు బ్లౌజు ముక్క మీద కత్తెర పెట్టాను. కథలో ఒకావిడ రైలు దిగుతుందా, దిగదా అన్న చోట ఉంది. ఆవిడ దిగింది. నేను చూసుకునేసరికి రెండు చేతులూ ఒకే వైపుకి కత్తిరించేశాను, అంటే రెండూ కుడి చేతులే. అది చీరతో పాటు వచ్చిన ముక్క, మళ్ళీ దొరికేది కాదు. మర్నాడు పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఎక్కించుకునే పడవ మీద గోదావరి దాటి నర్సాపురం వెళ్ళి, మూడు షాపులు తిరిగి, అంచు రంగుకి కలిసే గుడ్డ తెచ్చి చేతులు వేశాను. "ఇప్పుడిదే ఫ్యాషనండి" అని ఇచ్చాను. ఆవిడకి నచ్చింది, అది వేరే సంగతి. అప్పటి నుంచి కత్తెర పట్టుకుంటే ఫోన్ ఆపేస్తాను.

అందుకని ఎవరైనా "ఏదైనా చెప్పండి" అంటే నేను ముందు మూడు విషయాలు కనుక్కుంటాను. వినేటప్పుడు మీ చేతుల్లో ఏం పని ఉంటుంది? మీ చుట్టూ ఎంత చప్పుడు ఉంటుంది? ఎవరూ పిలవకుండా ఎంతసేపు దొరుకుతుంది? మీకేం ఇష్టం అన్నది ఆ తర్వాతే. ఇష్టాల గురించి అడిగితే అందరూ ఉన్నదాని కంటే కాస్త గొప్పగానే చెబుతారు. నేను కూడా "చరిత్ర ఇష్టం" అనే చెబుతాను. నిజానికి నాకు ఇష్టమైనవి పక్కింటి కబుర్లు.

మా మరిది చెరువు గట్టు

మా మరిదికి అంతర్వేది వైపు రొయ్యల చెరువులున్నాయి. పంట మీద ఉన్నప్పుడు రాత్రిళ్ళు గట్టు మీద షెడ్డులోనే పడక. పగలు నీళ్ళలో ఉండే సన్నటి నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే ఆ నాచూ పీలుస్తుంది, రొయ్యలూ పీలుస్తాయి, దాంతో తెల్లవారుజాముకి చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే నిమిషాల మీద జనరేటర్ వేయాలి. నిద్రపోతే పంట పోయినట్టే.

ఇలాంటి మనిషికి వినడానికి ఏదో ఒకటి కావాలని నాకు తట్టడం సహజం. కానీ మొదట నేనిచ్చింది ఏమిటో తెలుసా? రొయ్యల పెంపకం మీద మాట్లాడే ఛానెల్. ఎంత తెలివైన పని చేశానో అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "పగలంతా రొయ్యలే వదినా, రాత్రి కూడా రొయ్యలేనా?" అన్నాడు. నాకు ఎవరైనా కుట్టుపని మీద పాడ్‌కాస్టు పంపితే ఏమంటానో అప్పుడు తట్టింది. మనిషి చేసే పనిని బట్టి వినే వేళ తేల్చుకోవాలి గాని, వినే విషయం కాదు.

రెండో తప్పు అతని పుట్టినరోజుకి చేశాను. బయటి చప్పుడు లోపలికి రానివ్వని మంచి ఇయర్‌ఫోన్స్ కొనిపెట్టాను. ఏరేటర్ల హోరులో మాట వినపడదు కదా అని నా ఆలోచన. ఒక రాత్రి ఒక ఏరేటర్ ఆగిపోయింది. అతను హాయిగా వింటూ కూర్చున్నాడు. పక్క చెరువు కుర్రాడు టార్చి కొట్టి కేకేస్తే గాని తెలియలేదు. నష్టం ఏమీ జరగలేదు, అది మా అదృష్టం. కాపలా ఉండేవాళ్ళకి చప్పుడు వినపడడం ఎంత ముఖ్యమో, చప్పుడు ఆగడం వినపడడం కూడా అంతే ముఖ్యం. ఇప్పుడు ఒక చెవికే పెట్టుకుంటున్నాడు, రెండో చెవి చెరువుకి. బండి నడిపేవాళ్ళకి, చంటిపిల్లలున్న ఇంట్లో పని చేసుకునేవాళ్ళకి కూడా నేను ఇదే చెబుతాను.

చివరికి అతనికి కుదిరినవి కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు. కౌముది అనే వెబ్ పత్రిక నడిపే ఆయన అమెరికాలో ఉంటారు. సినిమావాళ్ళ జీవితాల గురించి, రచయితల గురించి ఒక్కరే కూర్చుని చెబుతారు. కొందరి గురించి చాలా భాగాలుంటాయి. మా మరిదికి ఎందుకు కుదిరిందంటే, ఒక్క గొంతే ఉంటుంది. ఉన్నట్టుండి సంగీతం మోగదు, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడరు. మధ్యలో లేచి చెరువు చుట్టూ తిరిగొచ్చినా దారం తెగదు. మరీ నిద్ర ముంచుకొచ్చే వేళకి గరికపాటి నరసింహారావు గారి ప్రసంగాలు పెట్టుకుంటాడు. ఆయన చురకలకి నిద్ర ఎగిరిపోతుందట.

షో పేరు వద్దు, ఒక్క ఎపిసోడు చెప్పండి

"ఫలానా షో బావుంటుంది" అంటే ఎవరూ వినరు. వాళ్ళు వెళ్ళి చూస్తే మూడొందల ఎపిసోడ్లు కనపడతాయి. ఏది నొక్కాలో తెలియక ఫోన్ పక్కన పెట్టేస్తారు. చీరల షాపుకి వెళ్ళమనడం వేరు, ఎడమ వైపు మూడో అరలో ఉన్న నెమలికంఠం రంగు చీర తీయించమనడం వేరు.

ఆ ఒక్కటి ఏది? మొట్టమొదటి ఎపిసోడు మాత్రం కాదు. ఎంత మంచి షో అయినా మొదట్లో మైకు సరిగా ఉండదు, మాట్లాడేవాళ్ళు బెదురుతూ ఉంటారు. ఐదు భాగాల్లో మొదటి భాగమూ కాదు, అది అప్పు అంటగట్టడంలా ఉంటుంది. దానికదే ముగిసేది, మీరు రెండుసార్లు విన్నది, అవతలివాళ్ళకి దొరికే సమయం కంటే పది నిమిషాలు చిన్నది ఎంచండి. సఖినేటిపల్లి రేవులో పంటు నిండేదాకా ఆగి, వశిష్ఠ గోదావరి దాటి అటు ఒడ్డున దిగేసరికి నాకు దాదాపు అరగంట పడుతుంది. రోజూ అలా దాటే అమ్మాయికి నలభై నిమిషాలది ఇస్తే నర్సాపురం బజారులో అసలు ముక్క పోగొట్టుకుంటుంది. ఇరవై నిమిషాలది ఇస్తే దిగేలోపు పూర్తవుతుంది, పూర్తి చేశానన్న తృప్తీ ఉంటుంది.

పంపే ముందు మొదటి ఐదు నిమిషాలు మళ్ళీ వినండి, ఈసారి వాళ్ళ చెవులతో. నేనొకసారి ఒక టీచరుగారికి నాకు బాగా నచ్చిన ఇంటర్వ్యూ పంపాను. రెండో నిమిషంలో ఆ వచ్చినాయన ఒక బూతు మాట అంటాడన్న సంగతి నాకు గుర్తే లేదు. ఆవిడ స్పీకర్‌లో పెట్టి, అత్తగారితో కలిసి చిక్కుడుకాయలు వలుస్తూ విన్నారట. ఆవిడ ఇప్పటికీ నా దగ్గరే కుట్టించుకుంటున్నారు గాని, నేను పంపిన లింకులు మాత్రం ముట్టుకోవడం లేదు.

మా మేనల్లుడి కథ కూడా చెప్పాలి. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "అత్తా, నువ్వింత వింటావు కదా, అసలైంది వినలేదు" అని 'సీరియల్' పంపాడు. అది 2014లో అమెరికాలో వచ్చింది. 1999లో బాల్టిమోర్‌లో జరిగిన ఒక హైస్కూలు అమ్మాయి హత్య కేసుని మొదటి సీజన్ 12 ఎపిసోడ్లలో తవ్వుకుంటూ పోతుంది. ప్రపంచంలో చాలామందికి పాడ్‌కాస్టు రుచి చూపించింది అదే అంటారు. నాది ఇంటర్ ఇంగ్లిష్. ఆ యాసలో ఎవరు సాక్షి, ఎవరు లాయరు, ఎవరు ఎప్పుడు ఎవరికి ఫోన్ చేశారు అన్నది పట్టుకోవడానికి నిమిషానికోసారి సూది ఆపి వెనక్కి తిప్పాల్సి వచ్చింది. మూడు రోజుల్లో మూడు బ్లౌజులు ఆలస్యం. అది గొప్పది కాదని నేనను. వాడు దాని గొప్పతనం చూసి పంపాడు, నన్ను చూసి పంపలేదు. అన్నట్టు, ఆ పేరు విని మా అత్తయ్యగారు "ఏ టీవీలో వస్తుందే?" అని అడిగారు.

మెసేజి ఎలా రాయాలి

"సూపర్ పాడ్‌కాస్ట్, మిస్ అవ్వొద్దు" అని రాసి కింద లింకు పెడితే, అది గుడ్ మార్నింగ్ మెసేజిల కింద పడి మరుగునపడుతుంది. నేను ఆత్రేయపురంలో పూతరేకులు చేసే మా పిన్నికి పంపింది ఇలా ఉంటుంది:

"పిన్నీ, రేపు రేకులు తీసేటప్పుడు ఇది పెట్టుకో. 35 నిమిషాలు. మొదటి మూడు నిమిషాలు పరిచయం, వినకపోయినా పరవాలేదు. సగానికి వచ్చాక ఒక మేనత్త వస్తుంది, ఆవిడ మాట తీరు వింటే నీకు ఎవరు గుర్తొస్తారో నాకు తెలుసు."

అంతే. ఎప్పుడు వినాలి, ఎంతసేపు, ఎక్కడ ఓపిక పట్టాలి, ఆగితే ఏం దొరుకుతుంది. మేనత్త ఎవరో నేను చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం పిన్నే ఫోన్ చేసి నవ్వుతూ ఆ పేరు చెప్పింది.

పిన్ని పని చూసినవాళ్ళకి తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి నీళ్ళు. గుడ్డ అందులో ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే రేకు వస్తుంది. మళ్ళీ ముంచు, మళ్ళీ లాగు. చేతులు ఎప్పుడూ తడే. ఫోన్ ముట్టుకోవడానికి వీల్లేదు. అందుకని పిన్నికి ఒక్క ఎపిసోడుతో సరిపెడితే అది అయిపోగానే సంబంధం లేనిదేదో మోగుతుంది. వచ్చినప్పుడల్లా నేనే ఆవిడ ఫోన్‌లో మూడు నాలుగు వరసగా పేర్చి వస్తాను. ఫోన్‌ని ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెడతాం. మాట గిన్నెకి తగిలి గది అంతా వినపడుతుంది, పిండి చుక్కలూ పడవు.

పిన్నికి ఎక్కువగా ఇచ్చేది 'హర్షణీయం'. అందులో తెలుగు కథలు చదివి వినిపిస్తారు, రచయితలతోనూ అనువాదకులతోనూ మాట్లాడిస్తారు. కథలు పిన్నికి, సంభాషణలు నాకు. రాసినాయన తన కథ ఎలా పుట్టిందో చెబుతుంటే నాకు ఎందుకో కటింగ్ గుర్తొస్తుంది. ఎక్కడ గుడ్డ వదలాలి, ఎక్కడ బిగించాలి అన్నట్టే ఉంటుంది ఆ మాటంతా. కథలే ఇంకా పెద్దవి, పుస్తకాలకి పుస్తకాలే కావాలంటే దాసుభాషితం యాప్ ఉంది. అది తెలుగు శ్రవణ పుస్తకాలది, పాడ్‌కాస్టు అనలేం. నేలమీద కూర్చుని లేసు అల్లే మా చెల్లెలికి అదే సుఖంగా ఉందట.

ఫోన్‌లో పెట్టి ఇవ్వండి

లింకు పంపి ఊరుకుంటే సగం మంది అక్కడే ఆగిపోతారు. మనిషి ఎదురుగా ఉంటే ఐదు నిమిషాలు కూర్చుని వాళ్ళ ఫోన్‌లో దించి పెట్టి ఇవ్వండి.

యూట్యూబ్‌లో వినడం అందరికీ అలవాటే. కానీ నెలకింత అని డబ్బు కట్టకపోతే, స్క్రీన్ ఆపగానే మాట ఆగిపోతుంది. చేతులు ఖాళీ లేనివాళ్ళకి అది పెద్ద తలనొప్పి. పైగా బొమ్మతో సహా నడుస్తుంది కాబట్టి డేటా ఎక్కువ తింటుంది. అదే మాట మాత్రమే అయితే గంటకి మామూలుగా 30 నుంచి 60 ఎంబీ లోపే. వైఫై ఉన్నచోట దించుకుంటే ఆ ఖర్చూ ఉండదు. స్పాటిఫైలో డబ్బు కట్టకపోయినా పాడ్‌కాస్టులు దించుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లకి నేను యాంటెనాపాడ్ అనే యాప్ పెట్టిస్తాను. ఉచితం, పేరూ ఫోన్ నంబరూ అడగదు, దాని సొంత ప్రకటనలు ఉండవు. అన్ని షోలూ అందులో దొరకవు, యూట్యూబ్‌లో మాత్రమే ఉన్నవి దానికి రావు. దొరికినవాటికి మాత్రం అంత హాయి ఇంకోటి లేదు.

పెద్దవాళ్ళ ఫోన్‌లో స్పీడు 1 దగ్గరే ఉందో లేదో చూడండి. నాలాంటి వాళ్ళం 1.25లో విని విని అలవాటు పడిపోతాం, వాళ్ళకి అది కోడికూతలా వినపడుతుంది. రాత్రి పడుకునేటప్పుడు వినేవాళ్ళకి కాసేపటికి దానంతటదే ఆపేసే స్లీప్ టైమర్ చూపించండి. ఇంకొకటి, మీరు దాచుకున్న షోల చిట్టాని నెలకోసారి ఫైలుగా బయటికి తీసి పెట్టుకోండి. చాలా యాప్‌లలో ఓపీఎమ్ఎల్ అనే పేరుతో ఆ వీలు ఉంటుంది, ఆ ఫైలుని ఇంకో యాప్‌లో పెడితే అన్నీ వచ్చేస్తాయి. నేను మొదట వాడిన యాప్‌ని ఒక రోజు మూసేశారు. ముందే చెప్పారట, నేను చూసుకోలేదు. నాలుగేళ్ళ చిట్టా పోయింది. కొన్ని షోల పేర్లు ఇప్పటికీ గుర్తు రావడం లేదు, గొంతులు మాత్రం గుర్తున్నాయి.

ఎవరికి ఏది

పాడ్‌కాస్టు అంటే ఏంటో తెలియని కుర్రాళ్ళకి ముందు చిన్నది ఇవ్వాలి. దర్శకుడు పూరి జగన్నాథ్ 2020లో మొదలుపెట్టిన 'పూరి మ్యూజింగ్స్' ఒక్కోటి కొన్ని నిమిషాలే. ఆయన చెప్పేవన్నీ నాకు ఒప్పుకోబుద్ధి కాదు, కానీ టీ తాగేలోపు అయిపోతుంది, వాదించుకోవడానికి బావుంటుంది. అత్తగారి ముందు పెట్టొద్దు.

ఇంగ్లిష్ వినడం అలవాటు కావాలనే కాలేజీ పిల్లలకి బీబీసీ వాళ్ళ 'సిక్స్ మినిట్ ఇంగ్లిష్'. పేరుకి తగ్గట్టు ఆరు నిమిషాలు. మొదట్లో ఒక ప్రశ్న వేసి జవాబు చివర్లో చెబుతారు, మధ్యలో కొన్ని మాటలు నేర్పుతారు. మాట్లాడింది దాదాపుగా వాళ్ళ వెబ్‌సైట్‌లో రాతలో ఉంటుంది. మొదటిసారి చూడకుండా, రెండోసారి చూస్తూ, మూడోసారి మళ్ళీ చూడకుండా వినమని చెబుతాను. నేనూ అలాగే విన్నాను.

మా మేనల్లుడు కారులో హైదరాబాద్ నుంచి ఎనిమిది తొమ్మిది గంటలు నడుపుకుంటూ వస్తాడు. వాడి మీద నాకు పగ తీర్చుకోవాలనిపించి 'ద సీన్ అండ్ ది అన్‌సీన్' పంపాను. అమిత్ వర్మ 2017లో మొదలుపెట్టినది, ఇంగ్లిష్‌లో ఉంటుంది. మొదట్లో ఎపిసోడు అరగంట లోపే ఉండేది, పోనుపోను నాలుగైదు గంటలు, ఇంకా ఎక్కువ కూడా అయింది. ఒక్క మనిషిని కూర్చోబెట్టి చిన్నప్పటి నుంచి అడుగుతారు. నాకు అర్థమయ్యేది సగమే. వాడు మాత్రం సూర్యాపేట దగ్గర మొదలుపెట్టి రావులపాలెం వచ్చినా అవ్వలేదని, ఇంటి ముందు కారు ఆపి లోపలే కూర్చుని మిగతాది విన్నాడు.

నేను పంపనివీ ఉన్నాయి. షుగరు తగ్గే చిట్కాలు, ఫలానా షేరు కొనమనేవి ఎవరికీ పంపను, ఎంత నమ్మకంగా చెప్పినా సరే. మొదటి దానికి డాక్టరు ఉన్నారు. రెండో దానికి, సలహా చెప్పేవాళ్ళు షేర్ల మార్కెట్ని అదుపులో పెట్టే సెబీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. కొత్త షో ఏదైనా పరీక్షించాలంటే నేను మధ్యలోంచి మొదలుపెడతాను. మొదటి ఐదు నిమిషాలు అందరూ బాగానే తయారై వస్తారు. నడుమ పావుగంట వింటే తెలిసిపోతుంది. వచ్చినవాళ్ళని మాట్లాడనిస్తున్నారా? "అది మీకెలా తెలుసు?" అని ఒక్కసారైనా అడిగారా? మూడు గంటల ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా రాకపోతే దాన్ని నేను ఇంకొకరికి ఇవ్వను, నేను మాత్రం హుక్కులు కుడుతూ వింటాను.

మా అత్తయ్యగారు

అన్నిటికంటే కష్టమైంది ఇంట్లోనే. అత్తయ్యగారికి డెబ్బై నాలుగు. ఆవిడ దృష్టిలో వినడమంటే ఆకాశవాణి విజయవాడ కేంద్రం. ఆ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది, ఆవిడ కంటే పెద్దది. వార్తలు, ఆదివారం నాటకం, సంక్షిప్త శబ్దచిత్రం, అన్నీ అందులోనే. ఐపాడ్‌లోని పాడ్, బ్రాడ్‌కాస్ట్‌లోని కాస్ట్ కలిపి 2004లో ఒక ఇంగ్లిష్ పత్రికలో పుట్టించిన మాట 'పాడ్‌కాస్ట్' అని నేను వివరిస్తే, అంతా విని, "పాట కాస్తా ఏమిటే, పూర్తిగా పెట్టు" అన్నారు.

చాగంటి కోటేశ్వరరావు గారి ప్రవచనాలు పెట్టబోయాను. కాకినాడకి ఇంత దగ్గరలో ఉన్నవాళ్ళకి చాగంటి వారిని వినమని చెప్పడం ఆత్రేయపురానికి పూతరేకులు పంపడం లాంటిదే. ఆవిడ అప్పటికే వింటున్నారు, కానీ ఎవరో పది నిమిషాల ముక్కలుగా కోసి, కింద సంగీతం వేసి, పైన భయపెట్టే పేరు పెట్టినవి. అలాంటి ముక్కలు పంపొద్దు. మొదటి నుంచి చివరిదాకా ఉన్న ప్రవచనం వెతికి, వరసగా పేర్చి ఇచ్చాను. అక్కడ ఆవిడ ఫిర్యాదు ఆగింది.

కానీ మధ్యాహ్నం వేళ వెలితి అలాగే ఉంది. ఏం పెట్టినా రెండు నిమిషాల్లో "ఆపేయ్" అనేవారు. విషయాలు మార్చి మార్చి విసిగిపోయాను. అసలు సంగతి ఒక రోజు ఆవిడే చెప్పారు: "ఆ అబ్బాయి నాకు చెబుతున్నట్టు లేదే, వాడిలో వాడే నవ్వుకుంటున్నాడు." గొంతు. విషయం నచ్చక ఆపేసేవాళ్ళు తక్కువ. గొంతు నచ్చకో, ఆ నవ్వు నచ్చకో, ఆ తొందర నచ్చకో ఆపేస్తారు, పైకి మాత్రం "విషయం బోరు" అంటారు. కాబట్టి మీరు చెప్పింది ఎవరికైనా కుదరకపోతే అదే విషయం మీద ఇంకో గొంతు ఇచ్చి చూడండి.

నేను పాడ్‌కాస్టుల్ని పక్కన పెట్టి, ముందు ఆవిడ ఫోన్‌లో ప్రసార భారతి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేశాను. దాంట్లో ఆకాశవాణి కేంద్రాలు నేరుగా వినొచ్చు. నెల రోజులు అదే. ఫోన్ కూడా రేడియోలా మాట్లాడుతుందని ఆవిడకి నమ్మకం కుదిరాక, ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా కిరణ్‌ప్రభ గారి టాక్ షో ఒకటి పెట్టాను, ఆవిడ వయసులో వెలిగిన ఒక సినిమా నటి గురించి. నేను ఫాల్ వేస్తున్నాను. ఆవిడ కొబ్బరి ఈనెలు చీరుతున్నారు, చీపురు కోసం. పది నిమిషాలకి ఈనెలు చీరే చప్పుడు ఆగింది. తల ఎత్తి చూశాను. కత్తి చేతిలోనే ఉంది, చెయ్యి కదలడం లేదు.

ఆ రోజు నేను ఏమీ అడగలేదు. విన్నారా, ఎలా ఉంది, నచ్చిందా అని అడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది, తర్వాత ఏది పెట్టినా వాళ్ళకి జవాబు చెప్పాలన్న టెన్షన్ మొదలవుతుంది. మీరూ అడక్కండి. నచ్చితే వాళ్ళే వస్తారు. అత్తయ్యగారు మర్నాడు అన్నం తింటూ, "ఆ రెండో భాగం ఉందా?" అన్నారు.

ఇప్పుడు సాయంత్రం అరుగు మీద పక్కింటి మామ్మగారితో కూర్చుని ఆవిడే చెబుతున్నారు. నిన్న విన్నాను. "మొదటి దాంట్లో అంతా పుట్టుపూర్వోత్తరాలేనండి, మీరు రెండో దాంట్లోంచి వినండి. కూరలు తరిగేటప్పుడు మాత్రం పెట్టుకోకండి, వేలు తెగుద్ది."